రెండడుగుల వంటగట్టుకు కాఫీ మేకర్: కొనడం నుంచి డికాషన్ దిగే దాకా

అనంతపురంలో మేముండేది రెండు గదుల బాడుగ ఇల్లు. స్టవ్వు, మిక్సీ, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టాక వంటగట్టు మీద మిగిలేది రెండడుగులు. తొమ్మిదేళ్లలో ఆ రెండడుగుల చోటులోకి నాలుగు రకాల కాఫీ సాధనాలు వచ్చాయి. ఇప్పుడు మిగిలినవి రెండు. మా అత్త ఇచ్చిన స్టీలు ఫిల్టర్ ఒకటి, దాని పక్కన స్టవ్వు మీద పెట్టే అరచేతి ఎత్తు మోకా పాట్ ఒకటి. ఈమధ్యే కాపురం పెట్టిన మా చెల్లెలు "అక్కా, ఏ మెషీన్ కొనమంటావ్?" అని అడిగితే ఫోన్లో తుంచి తుంచి చెప్పిన సంగతులన్నీ ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం తాగేది పాల కాఫీ, మన ఊళ్లలో వచ్చేవి ఉప్పు నీళ్లు, వంటిల్లు చిన్నది. ఈ మూడూ కలిసిన ఇంటికి మొదట తెచ్చుకోవాల్సింది స్టీలు ఫిల్టరే. కరెంటు మెషీన్ పనికొచ్చే ఇళ్లూ ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

ముందు మీ గ్లాసు చూసుకోండి

అంగట్లోకి పోకముందే ఒక పొద్దున మీరు తాగే కాఫీని కొలిచి చూడండి. మా ఇంట్లో గ్లాసు 130 మిల్లీలీటర్లు. అందులో డికాషన్ 30 నుంచి 35, మిగతాదంతా పాలు. అంటే డికాషన్ తన వంతుకు మూడింతల పాలను తట్టుకునేంత చిక్కగా ఉండాలి. చాలా మెషీన్లు ఇక్కడే తప్పుతాయి. పెట్టె మీద "12 కప్పులు" అని రాసి అమ్మే డ్రిప్ మెషీన్లు (పొడి మీద వేడినీళ్లు చుక్కలుగా పోసి కాఫీ దించే కరెంటువి) పాలు లేకుండా పెద్ద కప్పులో తాగేవాళ్ల కోసం చేసినవి. అందులోంచి వచ్చే పల్చటి కాఫీలో పాలు పోస్తే రంగు నీళ్లవుతుంది. వేలు పోసి మెషీన్ కొని, చివరికి ఇన్‌స్టంట్ పొడికి తిరిగిపోయిన ఇళ్లు నాకు తెలిసి మూడున్నాయి.

ఎంతమందికి, రోజుకు ఎన్నిసార్లు అన్నది రెండో లెక్క. పొద్దున ఇద్దరికి, సాయంత్రం ఇద్దరికి అయితే రోజుకు 120 నుంచి 140 మిల్లీలీటర్ల డికాషన్ చాలు. దానికి పెద్ద సాధనం అక్కర్లేదు.

నీళ్లు: మన వైపు అసలు మెలిక ఇక్కడే ఉంది

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఐదేళ్ల కిందట, వేడినీళ్లను గట్టి ఒత్తిడితో పొడిలోంచి పంపే ఎస్ప్రెస్సో మెషీన్ ఒకటి తెప్పించాను. కుళాయి రాని రోజుల్లో బోరు నీళ్లే పోసేదాన్ని. ఏడో నెలకల్లా పాలు కాచే ఆవిరి గొట్టం ఆగిపోయింది, కాఫీ చుక్క చుక్కగా రావడం మొదలైంది. బాగుచేసే అబ్బాయి విప్పి, లోపలి హీటరు గొట్టంలోంచి తెల్లటి పెచ్చులు కాగితం మీదికి రాల్చాడు. ఒకటి తీసి వేళ్లతో నలిపితే సుద్దముక్కలా పొడి అయింది. తప్పు మెషీన్‌ది కాదు, నేను పోసిన నీళ్లది.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కాచినప్పుడు అవి సున్నంలా విడిపడి వేడి తగిలే చోటల్లా అంటుకుంటాయి. గిన్నె అడుగున అయితే తోమేస్తాం, సన్నటి గొట్టం లోపల తోమలేం కదా. రుచి కూడా చెడుతుంది. నీళ్లలోని బైకార్బొనేట్లు కాఫీకున్న సన్నటి పులుపును చంపేస్తాయి, అందుకే బోరు నీళ్ల డికాషన్ చప్పగా, మట్టిగా ఉంటుంది.

తాగే నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మేలని మన దేశ ప్రమాణం. కాఫీకి 150 ప్రాంతంలో ఉంటే రుచి బాగా దిగుతుంది, 75 నుంచి 250 దాకా ఫర్వాలేదు. పెన్నులాంటి టీడీఎస్ మీటర్ దొరుకుతుంది, ఒకసారి ముంచి చూస్తే మీ నీళ్లేమిటో తెలిసిపోతుంది. ఆర్వో నీళ్లు మరీ 30, 40కి పడిపోతే కాఫీ పలచగా అనిపిస్తుంది. అప్పుడు మూడు గ్లాసుల ఆర్వో నీళ్లకు ఒక గ్లాసు కుళాయి నీళ్లు కలపండి.

ఇంకొక మాట, ఇది కాఫీని మించినది. మన జిల్లా పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ దాని శాతం పెరుగుతుంది. "ఎలాగూ మరిగిస్తాం కదా" అని ఆ నీళ్లతో కాఫీ పెట్టకండి.

చోటు, ప్లగ్గు

మెషీన్ కొనాలనుకుంటే టేపు తీసుకుని గట్టుకూ పైనున్న అరకూ మధ్య ఎత్తు కొలవండి. మెషీన్ ఎత్తు ఒక్కటీ చూస్తే చాలదు, మూత పైకి తెరిచినప్పుడు ఎంత ఎత్తవుతుందో చూడాలి. పొడి వేయడానికీ నీళ్లు పోయడానికీ ప్రతిసారీ ముందుకు లాగాల్సి వస్తే నెలకల్లా అది అటకెక్కుతుంది. పైన ప్లైవుడ్ అర ఉంటే ఆవిరికి ఉబ్బిపోతుంది కూడా.

చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన అది మోసేది 1,380 వాట్లు. డ్రిప్ మెషీన్లు ఎక్కువ భాగం 1,000 వాట్ల లోపే, వాటితో చిక్కు లేదు. ఎస్ప్రెస్సో మెషీన్లలో కొన్ని 1,500 దాకా పోతాయి, వాటికి గీజరుకు వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే కావాలి. బాడుగ ఇంటి వంటగదిలో అది ఉందో లేదో ముందే చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపొద్దు. కరెంటు ఖర్చు మాత్రం పెద్దదేమీ కాదు. 800 వాట్ల మెషీన్ పది నిమిషాలు నడిస్తే కాలేది 0.13 యూనిట్.

సర్వీసు ఎక్కడో కూడా అడగండి. చెడిపోతే బెంగళూరుకో హైదరాబాదుకో పంపాలంటే, గాజు జగ్గు పగిలితే ఇంకొకటి దొరకదంటే, ఎంత తక్కువ ధరకిచ్చినా వద్దు.

ఫిల్టర్ కొనేటప్పుడు

మా ఊళ్లో అయితే పాతూరు పాత్రల అంగళ్లకు పోయి, చేత్తో పట్టుకుని చూసి కొనమంటాను. ఫిల్టర్‌లో ఉండేవి నాలుగే ముక్కలు: రంధ్రాల పైగిన్నె, డికాషన్ దిగే కిందిగిన్నె, కాడ ఉన్న గొడుగు బిళ్ల, మూత.

పైగిన్నెను వెలుతురుకు ఎత్తి అడుగు చూడండి. రంధ్రాలు సూదిమొన అంత సన్నగా, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి ఉంటే పొడి కిందికి జారుతుంది. తర్వాత పైగిన్నెను కిందిదాంట్లో కూర్చోబెట్టి తిప్పండి. బిగుతుగా కూర్చోవాలి, కానీ ఒక చేత్తో లాగితే రావాలి. గొడుగు బిళ్ల పైగిన్నె అంచులకు మరీ ఎడంగా ఉండకూడదు, ఎడం ఉంటే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. ఇత్తడిదైతే లోపల కళాయి ఉందేమో అడగండి.

సైజులో చాలామంది పొరపడతారు. "చుట్టాలొస్తే పనికొస్తుంది" అని పెద్దది కొంటారు. పెద్ద గిన్నెలో మూడు చెంచాల పొడి వేస్తే అడుగున పలచటి పొరలా పరుచుకుంటుంది. నీళ్లు పోయగానే ఐదు నిమిషాల్లో జారిపోయి డికాషన్ పల్చబడుతుంది. మీరు రోజూ వేసే పొడి పైగిన్నెలో మూడో వంతుకు తగ్గకుండా నిండాలి. ఇద్దరు ముగ్గురికి చిన్నది కొనండి. చుట్టాలొచ్చిన రోజు రెండుసార్లు దించుకోవచ్చు.

పొడి

ఫిల్టర్‌కు చికోరీ కలిసిన పొడి చక్కగా అమరుతుంది. చికోరీ ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ ఉండదు. అది నీళ్లను పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది, అందువల్ల డికాషన్‌కు రంగు, చిక్కదనం వస్తాయి. కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, రెండింటి పాళ్లూ ప్యాకెట్ మీద రాయాలని మన ఆహార నిబంధన. ఆ అంకెలు చదివి కొనండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 80 కాఫీ, 20 చికోరీ అంటాను. 60, 40కి దిగితే నోట్లో మిగిలేది చికోరీ చేదే.

గింజల్లో అరబికాకు వాసన ఎక్కువ, రోబస్టాకు ఘాటూ కెఫీనూ ఎక్కువ. పాల కాఫీకి రెండూ కలిస్తే బాగుంటుంది. పీబెర్రీ అంటే వేరే జాతి కాదు, పండులో రెండు గింజల బదులు ఒకటే గుండ్రంగా పెరిగింది. బెంగళూరు దగ్గర కాబట్టి మా వైపు చిక్కమగళూరు, కొడగు పొడులకు అలవాటు పడ్డాం. మన రాష్ట్రపు అరకు అరబికాకు కూడా 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చికోరీ లేకుండా తాగాలనుకునేవాళ్లు ఒకసారి అది తెచ్చి చూడండి.

ఒకేసారి కిలో కొనొద్దు. 200 గ్రాములు, పదిహేను రోజుల్లో అయిపోయేంత. మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో, స్టవ్వుకు దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ చెమ్మ పట్టి గడ్డకడుతుంది. తడి చెంచా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

డికాషన్ దించడం

కొలత ఇది: పొడి 25 గ్రాములు (కుప్పగా మూడు పెద్ద చెంచాలు), నీళ్లు 150 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 100 మిల్లీలీటర్లు. మూడు గ్లాసులకు సరిపోతుంది.

1. ఫిల్టర్ పొడిగా ఉండాలి. తడి మీద పొడి వేస్తే అడుగు రంధ్రాలు అప్పుడే మూసుకుంటాయి. రాత్రే తోమి బోర్లించి పెట్టుకోండి.

2. పొడి వేసి గిన్నెను పక్కనుంచి రెండుసార్లు తట్టండి, సమంగా సర్దుకుంటుంది. గొడుగు బిళ్లను పొడి మీద ఊరికే ఆనేలా పెట్టండి. అదిమితే దిగదు, వదులుగా వదిలేస్తే గబగబా దిగిపోతుంది. రెండింటి మధ్య ఒత్తిడి మీ వేలికి వారంలో తెలిసిపోతుంది.

3. నీళ్లు కుతకుత మరిగాక స్టవ్వు ఆపి అర నిమిషం ఆగండి. మొదట రెండు చెంచాల నీళ్లు మాత్రమే చుట్టూ తిప్పుతూ పోసి, మళ్లీ అర నిమిషం ఆగండి. ఈ అర నిమిషం వదలొద్దు. పొడి తాజాదైతే బిళ్ల అంచుల వెంబడి సన్నటి బుడగలు లేచి పొడి ఉబ్బుతుంది. వేయించిన గింజలో ఉండిపోయిన గాలి అలా బయటికొస్తుంది. ఆ గాలి పోయాకే నీళ్లు పొడిలోకి దిగుతాయి. ఏ బుడగా రాలేదంటే పొడి పాతదైందని అర్థం.

4. మిగతా నీళ్లు మెల్లగా పోసి మూత పెట్టండి. ఇరవై నిమిషాలు దాని జోలికి పోవద్దు. నేను ఐదున్నరకు నీళ్లు పోసి, వాకిలి ఊడ్చి ముగ్గేసి వచ్చేసరికి దిగి ఉంటుంది.

మొదటి డికాషన్ వంచుకున్నాక అదే పొడి మీద ఇంకో 60 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తే రెండోది దిగుతుంది. అది పల్చన. మా అత్త దాన్ని సాయంత్రానికి మొదటిదాంట్లో కలిపేది. నేను కలపను, వేరుగా ఉంచి మూడో చిన్న గ్లాసుకు వాడతాను. కలిపితే మొదటిదాని వాసన తగ్గుతుంది.

పాలు చిక్కటివి, ఒక్కసారి పొంగనిచ్చి వెంటనే దించినవి కావాలి. కాచిన పాలు మళ్లీ మళ్లీ కాస్తే మీగడ కట్టి వేరే వాసన వస్తుంది. గ్లాసులో చక్కెర, దానిపైన డికాషన్, ఆ పైన పొగలు కక్కే పాలు. డికాషన్‌ను స్టవ్వు మీద పెట్టి కాచడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, ఒక్క పొంగుకే చేదెక్కుతుంది. చల్లారిపోతే గిన్నెను వేడినీళ్లలో పెట్టండి. గ్లాసు నుంచి దబరాలోకి రెండుసార్లు ఎత్తి పోస్తే నురగ వస్తుంది, తాగే వేడికీ దిగుతుంది.

ఇరవై నిమిషాలు లేనివాళ్లకు: మోకా పాట్

ఆరు గంటల బస్సుకు పోవాల్సిన రోజుల్లో నాకిది దిక్కు. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి బయటికి తెచ్చిన సాధనం ఇది. కింది అరలో నీళ్లు కాగి, ఆ ఆవిరి ఒత్తిడికి మధ్యనున్న పొడిలోంచి పైఅరకు ఎగదన్నుకుని వస్తాయి. ఐదు నిమిషాల పని. "3 కప్పులు" అని ఉన్నది కొనండి. ఆ కప్పులు చిట్టి కప్పులు, మొత్తం కలిపి మన మూడు గ్లాసుల డికాషన్‌కు సరిపోతుంది.

కింది అర పక్కన చిన్న వాల్వు ఉంటుంది. నీళ్లు దాని కిందికే ఉండాలి. ఒత్తిడి మితిమీరితే బయటికి పోయే దారి అదే, దాన్ని ముంచకూడదు. అప్పటికే కాగిన నీళ్లు పోస్తే పొడి మాడదు. పొడి అంచుకు సమంగా నింపి వేలితో గీయండి, అదమకండి. అంచు మీద పడిన పొడి తుడిచేసి, గుడ్డతో పట్టుకుని బిగించండి. సన్న సెగ మీద పెట్టి మూత తెరిచే ఉంచండి. మొదట ముదురు రంగు ధార వస్తుంది, తర్వాత తేనె రంగుకు తిరిగి బుసబుసమంటుంది. ఆ చప్పుడు వినగానే దించి అడుగుకు తడిగుడ్డ తగిలించండి. ఆగితే వచ్చేది చేదు.

ఇందులో చికోరీ పొడి వేయకండి. అది ఉబ్బి జల్లెడను మూసేస్తుంది. ఫిల్టర్ పొడికన్నా ఇంకాస్త సన్నంగా విసిరిన పూర్తి కాఫీ పొడి కావాలి. మన గ్యాసు స్టవ్వు కాళ్ల మధ్య ఈ చిట్టి పాత్ర నిలబడదు, పైన చిన్న జాలీ పెట్టుకోవాలి. అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్వు మీద పనిచేయదు, దానికి స్టీలుదే కొనాలి. రబ్బరు వాషర్ కుక్కర్ గాస్కెట్ లాంటిదే, గట్టిపడితే మార్చాలి.

కరెంటు మెషీన్లు ఎవరికి

ఇంట్లో ఐదారుగురు ఉండి, అందరూ ఒకే వేళకు తాగుతారంటే చిన్న డ్రిప్ మెషీన్ మేలు చేస్తుంది. దాన్ని మన పద్ధతికి తిప్పుకోవాలి. ప్రతి 300 మిల్లీలీటర్ల నీళ్లకు 40 గ్రాముల పొడి, చికోరీ పది శాతం లోపు. అయినా ఫిల్టర్ అంత చిక్కగా రాదు, కాబట్టి గ్లాసులో డికాషన్ సగానికి దగ్గరగా పోసుకోవాలి. కింద ఉండే వేడి పళ్లెం మీద జగ్గును అలాగే వదిలేస్తే అరగంటకు మాడు వాసన కొడుతుంది. దిగగానే ఫ్లాస్కులో పోసేయండి.

ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి జాలీతో కిందికి నొక్కే జగ్గు, దీనికి కరెంటు అక్కర్లేదు) పాలు లేకుండా తాగేవాళ్లకు. రవ్వంత ముతక పొడి 15 గ్రాములు, నీళ్లు 225 మిల్లీలీటర్లు, నాలుగు నిమిషాలు. ఇక పాడ్ మెషీన్లు, అంటే పొడి ముందే నింపిన చిట్టి డబ్బీలతో (పాడ్లతో) నడిచేవి. చిన్న ఊళ్లలో పాడ్లు అయిపోతే మళ్లీ ఆన్‌లైన్‌లో వచ్చేదాకా ఆగాలి, కప్పు ఖర్చు కూడా ఎక్కువ. నేను కొనమనను.

ఎస్ప్రెస్సో మెషీన్ మీద మనసుంటే మూడు సంగతులు ముందే ఒప్పుకోవాలి: ఆర్వో నీళ్లు తప్ప వేరేవి పోయకపోవడం, పొడికి గ్రైండర్ విడిగా కొనడం, ఆవిరి గొట్టాన్ని పాలు కాచిన ప్రతిసారీ వెంటనే తుడవడం. పెట్టె మీద నీటి ఒత్తిడి 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. కాఫీ దిగడానికి కావాల్సింది 9 బార్లే, ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

శుభ్రం చేయడం, చెడితే సరిచేయడం

నీళ్లు కాచే ఏ కరెంటు సాధనానికైనా నెలకోసారి సున్నం తీయాలి. లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, సగం నడిపి, ఆపి, ఇరవై నిమిషాల తర్వాత మిగతా సగం నడపండి. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో నడిపితే పులుపు పోతుంది. మోకా పాట్‌ను మాత్రం బోకులు తోమే పీచుతో రుద్దకండి, వేడినీళ్లతో కడిగి విప్పి ఆరబెడితే చాలు.

ఫిల్టర్ దిగకుండా మొరాయిస్తే కంగారుపడి గరిటెతో కెలకొద్దు. ముందు పైగిన్నెను కిందిదాంట్లోంచి వేలెడు పైకి లేపి మళ్లీ కూర్చోబెట్టండి. కిందిగిన్నెలో ఇరుక్కున్న గాలి బయటికి పోయి చాలాసార్లు అప్పుడే చుక్కలు మొదలవుతాయి. అయినా కదలకపోతే బిళ్ల కాడను పట్టుకుని ఒక్క మిల్లీమీటరు పైకి లాగండి. ఆ పూటకు అది చాలు.

రోజూ ఇదే తంతయితే రంధ్రాలు మూసుకున్నట్టే. పైగిన్నెను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే ఎక్కడెక్కడ చీకటిగా ఉందో తెలుస్తుంది. పూర్తిగా ఆరిన స్టీలు గిన్నెను పట్టకారుతో పట్టుకుని అడుగును సన్న మంట మీద అరనిమిషం తిప్పండి. రంధ్రాల్లో ఎండిన పొడి కాలి సన్నటి పొగ వస్తుంది. చల్లారనిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో బయటివైపు నుంచి రుద్ది, నీళ్లు పోసి చూడండి. అన్ని రంధ్రాల నుంచీ సమంగా కారితే, ఆరబెట్టి రేపటికి బోర్లించుకోవచ్చు.